ముప్పై ఒకటో పేజీ

ముప్పై ఒకటో పేజీ పోయింది 2011 ఫిబ్రవరి పన్నెండు, శనివారం నాడు. మావారు పద్మనాభం పోయి అది పన్నెండో రోజు. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్‌కి ముప్పై మంది భోజనానికి వచ్చారు. కాగితం పోయిన సంగతి ఆ రోజు ఎవరికీ తెలియలేదు. మార్చిలో కింది ఇంటి ఎడ్నా గారు మెట్లెక్కి వచ్చి అడిగాక తెలిసింది.

"రాజ్, ఆ పేజీ ఇక ఇచ్చేయాలి. మే పద్నాలుగున వాయిస్తున్నారు."

నా పేరు రాజేశ్వరి. ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. ఎడ్నా వెస్కాట్ గారికి అప్పుడు ఎనభై ఒక్క ఏళ్లు. ఆవిడ వేరేవాళ్లు వాయించడానికి సంగీతం రాస్తారు. 1950లో కాలేజీలో ప్రొఫెసర్ ఆవిడతో, ఆడపిల్లలు జోలపాటలు రాసుకుంటే చాలన్నాడట. ఆవిడ నలభై నిమిషాల జోలపాట రాసి, దీనికి నాలుగు ట్రంపెట్లు కావాలని పైన రాసి ఇచ్చారట. తరవాత ఇరవై ఎనిమిదేళ్లు చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, వంటింటి బల్ల మీద తన సంగీతం రాసుకున్నారు. ఒకసారి ఇంటిపేరు మాత్రమే వేసి పోటీకి పంపితే, "డియర్ మిస్టర్ వెస్కాట్, మీ రచనలో పురుషోచితమైన గాంభీర్యం ఉంది" అని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఫ్రేమ్ కట్టించి బాత్‌రూమ్‌లో తగిలించారు. చేతులు కడుక్కునేటప్పుడు సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

ఆవిడ మాకు పరిచయమైంది మావారి మడమ వల్ల. పొద్దున్న కాఫీ వచ్చేదాకా బల్ల మీద వేళ్లతో, నేల మీద మడమతో తాళం వేయడం ఆయనకు అలవాటు. 2008లో ఒక ఆదివారం ఎవరో తలుపు కొట్టారు. కింది ఇంటివాళ్ల గొడవే అయి ఉంటుందని, సారీ నోట్లో పెట్టుకునే తలుపు తీశాను.

"ఆ తాళం వేసేది ఎవరు?"

"నేనేనండి," అన్నారు మావారు, తరగతిలో పిల్లాడిలా లేచి నిలబడి. "సారీ. ఇక వేయను."

"వేయకపోతే పోలీసుల్ని పిలుస్తాను. నా ఫిర్యాదు ఒక్కటే. మూడు, నాలుగు, మూడు, నాలుగు అని చక్కగా వేస్తారు. ఉన్నట్టుండి ఆగిపోతారు. ఆ ఆగడం రోజుకొక పొడవు. ఎందుకలా?"

ఆయన నావైపు చెయ్యి చూపించారు. "ఆ సంగతి నా చేతిలో లేదండి. కాఫీ ఆవిడ చేతిలో ఉంది."

కప్పు గట్టు మీద పెట్టిన చప్పుడు వినగానే ఆయన ఆగేవారు. మొదటి గుక్క తాగాక మళ్లీ మొదలుపెట్టేవారు. ఎడ్నా గారు అంతా విని, తల ఊపి, కాఫీ అడిగి తాగి వెళ్లారు.

అప్పటినుంచి మా పులిహోర కిందికి వెళ్లేది. మావాళ్లు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరని ఆయన ఒకసారి నోరు జారారు. ఎడ్నా గారికి వంట రాదు. అయినా నియమం తప్పలేదు. గిన్నెలో రెండు నిమ్మకాయలు వచ్చేవి. ఇంకోసారి తపాలా బిళ్లలు. ఒకసారి బల్బు వచ్చింది. అది వెలిగింది కూడా. ఆయన పోయే ముందు, జనవరి చివర్లో నాలుగు మడతల కాగితం వచ్చింది. రెండు వైపులా అయిదేసి గీతలు, వాటి మీద పెన్సిల్ చుక్కలు, మూలన 31 అనే అంకె.

"ఇది మీ ఆయనది. కొన్నాళ్లు చూసుకోనివ్వు. తరవాత తిరిగివ్వు," అన్నారు.

రెండు వయొలిన్లకు, ఒక వయోలాకు, ఒక చెల్లోకు ఆవిడ రాస్తున్న నాలుగు భాగాల రచనలో అది మూడో భాగం చివరి పేజీ. ఆయనకు అందులో ఒక్క చుక్కా అర్థం కాలేదు. ఫ్రిజ్‌కి అంటించి, వచ్చినవాళ్లందరికీ "ఇదిగో, నా మడమ" అని చూపించారు. అలా ఒక వారం కూడా చూపించలేదు.

ఎడ్నా గారిని కూర్చోబెట్టి నా స్నేహితురాలు శశికళకు ఫోన్ చేశాను. పన్నెండో రోజు వంట తనే చేసింది.

"ఫ్రిజ్ మీద ఆ గీతల కాగితమా? అప్పడాలు నూనె కారుతుంటే కింద వేశా రాజీ. పేపర్ టవల్స్ అయిపోయాయి. పిల్లలెవరో గీకారనుకున్నా. తరవాత ట్రాష్ చేసేశా. ఏం, ఇంపార్టెంటా?"

ఎడ్నా గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఎన్ని అప్పడాలు?"

"నలభై దాకా."

"కరకరలాడాయా?"

"ఆడాయి."

"నా సంగీతం ఎవరికైనా పనికొచ్చిందని వినడం ఇదే మొదలు."

"ఇంకో కాపీ లేదా?"

"కాపీ ఉంటే ఈ మోకాళ్లతో మెట్లెక్కుతానా?" ఆవిడ మావారి కుర్చీలోకి మారి కూర్చున్నారు. "చుక్కలు మళ్లీ పెట్టుకోగలను. ఆ ఆగడమే గుర్తు లేదు. జనవరంతా కింద కూర్చుని విని, పొడవు కొలిచి రాసుకున్నాను. అది తప్పితే భాగం మొత్తం వట్టి చప్పుడు."

"నేను తాళం వేసి చూపిస్తాను," అన్నాను. మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఒక్క దెబ్బా తప్పలేదు.

"నూటికి నూరు మార్కులు. ఆయనకు అరవై వచ్చేవి. నాకు ఆ అరవై కావాలి." ఆవిడ తనే బల్ల మీద వేళ్లు పెట్టారు. "తాళం నేను వేస్తాను. నువ్వు వెళ్లి కాఫీ పెట్టు."

పెట్టాను. కప్పు గట్టు మీద పెట్టాను. బయట తాళం ఆగింది. వెంటనే కప్పు తీసుకెళ్లి ఇచ్చాను.

"ఇంత తొందరగానా? ఆయనకు ఏ రోజూ ఇలా ఇవ్వలేదు నువ్వు. కింద నేను విన్నాను."

చెప్పక తప్పలేదు. "కాఫీ సిద్ధమయ్యాక నేను వంటింట్లోనే నిలబడేదాన్ని. ఆయన పిలుస్తారేమోనని. ఆయన పిలిచేవారు కాదు, నేను వెళ్లేదాన్ని కాదు. ఎవరు ముందు ఓడిపోతారా అని ఇద్దరం..."

"ఎవరు ఓడేవారు?"

"నేనే. కాఫీ చల్లారుతుంది కదా."

"ఎంతసేపు నిలబడేదానివి?"

"లెక్కపెట్టలేదు."

"లెక్కల టీచరువి!"

"అదొక్కటే లెక్కపెట్టలేదండి."

ఆవిడ కాఫీ పూర్తిగా తాగారు. "నేను ఏదో ఒక పొడవు కల్పించి రాయగలను. అరవై ఏళ్లుగా చేస్తున్నది అదే. ఈ ఒక్కటీ కల్పించను. ఎన్ని దెబ్బల సేపో నువ్వు చెప్పు, రాసేస్తాను."

రోజూ పొద్దున్న కప్పు గట్టు మీద పెట్టి, కదలకుండా నిలబడి లెక్కపెట్టాను. ఒక రోజు అయిదు సరిపోయింది అనిపించింది. మర్నాడు పదకొండు అనిపించింది. ఒకసారి నలభై దాటి, కాఫీ పారబోశాను. ఎడ్నా గారు కింద మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా "అంకె?" అనేవారు. "ఇంకా లేదు," అనేదాన్ని. సరిచూడకుండా జవాబు చెప్పవద్దని పిల్లలకు నేర్పేదాన్ని నేనే.

మే పద్నాలుగున లైబ్రరీ హాల్లో నలుగురు వాద్యకారులు వాయించారు. మొదటి భాగం అవగానే శశికళ గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇలాంటి కచేరీల్లో అన్ని భాగాలూ అయ్యేదాకా కొట్టకూడదట. హాలంతా వెనక్కి తిరిగింది. "ఏం, బాగుంది కదా?" అని తను నన్ను గట్టిగానే అడిగింది. ముందు వరసలోంచి ఎడ్నా గారు లేచారు. "ఆవిడను అలా చూడకండి. నా సంగీతం బాగుందని వెంటనే ఒప్పుకున్న మొదటి మనిషి."

రెండో భాగం అయ్యాక వాయిద్యాలు దించారు. ఎడ్నా గారు మళ్లీ లేచి, మూడో భాగం ఇవాళ లేదని, అది ఇంకా తన పై ఇంటి వంటింట్లో ఉందని చెప్పారు. కొందరు నవ్వారు. నాలుగోది వాయించారు.

అది జరిగి రెండేళ్లయింది. ఆ తరవాత ఆవిడ ఇంకో రెండు రచనలు పూర్తి చేశారు. ముప్పై ఒకటో పేజీకి కొత్త కాగితం తీసి, చుక్కలన్నీ పెట్టి, ఆగే చోట పెన్సిల్‌తో చిన్న పెట్టె గీసి ఉంచారు. అందులో వేయాల్సిన అంకె నేను ఇంకా చెప్పలేదు.