కిటికీ వైపు

"నాలుగు రోజులు మీ అమ్మ దగ్గరికెళ్లి రా అమ్మాయ్. ఎంత చిక్కిపోయావో అద్దంలో చూసుకున్నావా?" అంది అత్తగారు.

దుప్పటి పిండుతున్న కోడలి చేతులు ఉన్నపళంగా ఆగిపోయాయి. కరెంటు స్తంభం మీంచి పడి, నడుం కింద నొప్పి తెలుస్తుందే తప్ప కదలిక లేక, ఆమె భర్త మంచానికి అంటుకుపోయి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో ఆమె పుట్టింటి ఊసెత్తిన ప్రతిసారీ "నువ్వెళ్తే వాణ్ణెవరు చూస్తారు?" అని కసిరిన నోరే ఇది. అమ్మకి జ్వరమని కబురొస్తే ఒక్క పూట వెళ్లొస్తానన్నందుకు మూడు రోజులు మొహం తిప్పుకుని తిరిగిన మనిషే ఈవిడ. ఇప్పుడేమో పిలిచి మరీ వెళ్లమంటోంది. పైగా గొంతులో ఆ తీపి! ఉన్నట్టుండి ప్రేమ కారిపోతోందంటే నమ్మడానికి తనేమన్నా పసిపిల్లా?

"మరి ఆయన్ని ఎవరు చూస్తారత్తయ్యా?"

"పెద్దాడొస్తాడుగా. వాడు చూసుకుంటాడు. సోమవారం పొద్దున్నే బస్సెక్కు, శుక్రవారం వద్దువుగాని."

పెద్దాడంటే బావగారు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆదివారాలు వస్తాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకుని, "ఎలా ఉందిరా తమ్ముడూ" అని అక్కణ్ణుంచే పలకరిస్తాడు. టీ తాగుతాడు. వెళ్తాడు. ఆ మనిషి రెండు గంటలకోసారి తమ్ముణ్ణి పక్కకి తిప్పుతాడా? మూత్రం సంచి మారుస్తాడా? నవ్వొచ్చింది ఆమెకి. ఆ వెనకే భయమూ వేసింది.

అనుమానం మనిషని ఇంట్లో ఆమెకి పేరు. "చదువబ్బకపోయినా నీ అనుమానాలకి మాత్రం డిగ్రీ ఇవ్వచ్చే" అనేవాడు అతను, లేచి తిరిగే రోజుల్లో. చదువు అబ్బకపోవడమేం లేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకి ఆఖరి కాన్పయితే, చంటివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని బడి మాన్పించారు. ఒకరిని చూసుకోవడానికి బడి పోయింది. ఇప్పుడు ఇంకొకరిని చూసుకోవడంలో వయసు పోతోంది. దీన్ని ఎవరూ పని అనరు. అడిగితే ఆమే అనదు. "ఏం చేస్తుంటావమ్మా?" అని ఎవరైనా అంటే, "ఏం లేదండీ, ఇంట్లోనే" అనడం నాలుకకి అలవాటైపోయింది.

తడి చేతులు తుడుచుకుని అతని బనీను కోసం బీరువా తెరిచింది. తలుపు లోపలి వైపు కాగితం ఎప్పటిలాగే ఉంది. ఆసుపత్రిలో నర్సు చెప్పినవన్నీ నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ మీద అప్పట్లో తనే రాసి పెట్టుకుంది. ఆరింటికి కిటికీ వైపు తిప్పాలి. ఎనిమిదింటికి వెల్లకిలా. గోడ వైపు తిప్పకూడదు, అటు తుంటి మీద పుండు. అన్నం మెతుకులతో అంటించిన కాగితం అది. ఇప్పుడు దాని నాలుగు మూలలా మెరిసే టేపు ఉంది.

ఈ ఇంట్లో టేపు లేదు. టేపు ఉండేది బావగారి ఆఫీసు బల్ల మీద.

ఎవరో దాన్ని పీకి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి అంటించారు. ఎందుకు? దాంతో ఎవరికేం పని?

సాయంత్రం దిండు గలీబు మారుస్తుంటే జవాబు దొరికింది. రోజూ మంచం సర్దే మనిషి దగ్గర మంచంలో దాచిపెట్టారు, అదీ వాళ్ల తెలివి. గలీబు లోపల మడతపెట్టిన కవరు. అతను నిద్రలో ఉన్నాడు. రెండేళ్ల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వంటింటి గడప మీద, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చదివింది. పింఛను ఆఫీసు నుంచి ఉత్తరం. బుధవారం పదకొండు గంటలకి తనిఖీకి వస్తారట. అతనికి వైకల్య పింఛను, అతన్ని చూసుకునే మనిషికి సంరక్షక భత్యం. దాని వెనక దరఖాస్తు నకలు. బావగారి గుండ్రటి అక్షరాలు.

సంరక్షకుడు: రోగి అన్నగారు.

భార్య: చదువు లేదు. ఇంట్లో ఖాళీగా ఉంటుంది.

కింద, రోజూ చేసే సేవలంటూ ఆమె కాగితమే, అక్షరం పొల్లు పోకుండా. ఆరింటికి కిటికీ వైపు తిప్పాలి. ఎనిమిదింటికి వెల్లకిలా.

ఖాళీగా ఉంటుంది. ఆ రెండు ముక్కల కింద వేలు చాలాసేపు ఆగింది. తను సరిగ్గా చదవలేదేమో అనుకుని మళ్లీ చదివింది. సరిగ్గానే చదివింది.

ఉత్తరంతో పాటు నిబంధనల చిన్న పుస్తకం ఉంది. అది సగమే అర్థమైంది. అర్థమైన సగాన్ని నమ్మబుద్ధి కాలేదు. శనివారం మందులు తేవాలని చెప్పి, పాపని చంకనేసుకుని పింఛను ఆఫీసుకి వెళ్లింది. కౌంటరు వెనక గుమాస్తా కళ్లజోడు మీంచి చూశాడు.

"చెప్పమ్మా."

"చూసుకునేవాళ్లంటే ఎవరండీ? ఎవరి పేరైనా రాసుకోవచ్చా?"

"రాసుకోవడానికేం, నా పేరైనా రాసుకోవచ్చు. నిలబడాలిగా! వారానికి ముప్పై అయిదు గంటలు నిజంగా చూసేవాళ్లే ఉండాలి. అందుకే తనిఖీ."

"ఆ డబ్బు ఎవరికొస్తుంది?"

"చూసుకునేవాళ్ల ఖాతాలోకే. ఇంకో సంగతుంది తల్లీ, అది ఎవరూ అడగరు. ఆ చూసుకున్న ఏళ్లన్నీ వాళ్ల సర్వీసు కింద జమ. రేపు ముసలితనంలో వాళ్లకి సొంత పింఛను వస్తుంది."

"ఒకవేళ ఆయనకి... ఏమన్నా అయితే?"

"కుటుంబ పింఛను భార్యకొస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. ఈ సర్వీసు మాత్రం ఆగదు. పెళ్లి చేసుకున్నా, చేసుకోకపోయినా, అది చేసిన వాళ్ల సొత్తు."

ఆమె గుమాస్తాని కూడా నమ్మలేదు. "ఈ మాట పుస్తకంలో ఎక్కడుందో చూపించండి" అంది. అతను నవ్వి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు. ఆ వేలు పక్కనే తన వేలు పెట్టి చదువుకున్నాక గానీ కదల్లేదు.

సోమవారం "బస్సు వెళ్లిపోయింది అత్తయ్యా" అంది. మంగళవారం "పాప ఒళ్లు వెచ్చగా ఉంది" అంది. అత్తగారి గొంతులో తీపి పూటపూటకీ విరిగిపోతూ వచ్చింది. మంగళవారం సాయంత్రం పుండు కడుగుతూ భర్తని అడిగింది, "నేను వెళ్లిపోతే మీకు ఇబ్బంది లేదా?"

అతను పైకప్పు చూశాడు. "అన్నయ్య చెప్పినట్టు విను. వయసులో ఉన్నదానివి. రేపు నాకేదన్నా అయితే నీ దారి నువ్వు చూసుకుంటావు. ఇంటి డబ్బు ఇంట్లో ఉండాలంటాడు అన్నయ్య."

"మీరేమంటారు?"

ఆమె దూది మార్చింది. ఇల్లంటే ఎవరో, అందులో తను లెక్కలోకి వస్తుందో రాదో అడగాలనిపించింది. అడగలేదు. చెయ్యి పుండు మీద ఉంది, అదిరితే నొప్పి.

బుధవారం పదకొండింటికి తనిఖీకి వచ్చినావిడకి యాభై ఏళ్లుంటాయి. భుజాన సంచి, చేతిలో అట్ట. బావగారు ఇస్త్రీ చొక్కాలో ఎదురెళ్లాడు. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, పాపని ఎత్తుకుని, ముందు గదిలో మూల పీట మీద కూర్చుంది.

"రోజూ చేసేదే ఒక్కసారి చేసి చూపించండి చాలు" అంది అధికారి.

"దానికేముందండీ! ఇప్పుడు కిటికీ వైపు తిప్పాలి" అంటూ బావగారు చొక్కా చేతులు పైకి మడిచాడు.

నెల కిందట వానకి కిటికీలోంచి జల్లు దిండు మీదకి కొడుతుంటే, పక్కింటావిడ సాయంతో తల ఉన్నవైపు కాళ్లు వచ్చేలా మంచాన్ని తిప్పేసింది. అప్పట్నుంచీ కిటికీ వైపు ఉన్నది పుండున్న తుంటే. కాగితంలో ఆ మాట దిద్దలేదు. కాగితం చూసి చేసే పని కాదది, చేతులకి తెలుసు.

బావగారు తమ్ముడి చంకల కింద చేతులు వేసి గుంజాడు. అతను కెవ్వుమన్నాడు. బావగారు కంగారుపడి ఇంకా అటే నెట్టాడు.

లేవాలి. ఒళ్లంతా లేవమంటోంది. పద్నాలుగు నెలలుగా అతను మూలిగితే చాలు, ఆమె కాళ్లు వాటంతటవే పరిగెత్తేవి. ఇప్పుడు లేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. "అదీ అప్పుడప్పుడూ సాయం చేస్తుందిలెండి" అంటాడు బావగారు. అంతటితో సరి. పాప పాదాన్ని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఏంటమ్మాయ్, బొమ్మలా కూర్చున్నావ్! వెళ్లు!" అరిచింది అత్తగారు.

"బావగారు చూసుకుంటారుగా అత్తయ్యా" అంది ఆమె.

"అటు కాదన్నయ్యా! మంచం తిప్పేశాంగా నెల కింద!" అతని కళ్లలో నీళ్లు. "వదిలెయ్ నన్ను. దాన్ని పిలు."

"దాన్నంటే?" అంది అధికారి.

అతను మొదటిసారి పైకప్పు మీంచి చూపు దించాడు.

"నా భార్యని. చూసేది తనే. మొదట్నుంచీ."

పాపని అత్తగారి ఒళ్లో పెట్టి లేచింది. మోకాలు మంచం పట్టె మీద ఆనించి, దుప్పటి అంచు పట్టుకుని, ఒక్క విసురుతో అతన్ని గోడ వైపు తిప్పి, వీపు వెనక దిండు దోపింది. అతని ఊపిరి కుదుటపడింది. ఎవరూ మాట్లాడేలోపే అంతా అయిపోయింది.

"మీరేం చేస్తుంటారమ్మా?" అడిగింది అధికారి.

"ఏం లేదండీ" నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె బీరువా తలుపు తెరిచి, ఆ కాగితాన్ని టేపుతో సహా పీకి తెచ్చి అట్ట మీద పెట్టింది.

"ఇది నా చేతిరాత. మీ దగ్గరున్నది దీని నకలు. ఇందులో కిటికీ తప్పు. నేను దిద్దుకోలేదు, ఎందుకంటే నేను దీన్ని చూసి చెయ్యను."

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. పాత దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టి, సంచిలోంచి కొత్తది తీసింది. వివరాలు అడిగి నింపింది. కలం ఆమె చేతికిచ్చింది. "ఇక్కడ సంతకం పెట్టండి."

"చదివి పెడతానండీ. కొంచెం ఆలస్యమవుతుంది, ఆగాలి మీరు."

"ఆఫీసరమ్మ తప్పు రాస్తారా ఏంటి? పెట్టెయ్ అమ్మాయ్" అంది అత్తగారు.

ఆమె కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని మొదటి వరుస కింద వేలు పెట్టింది. బావగారు నిలబడే ఉన్నాడు. అధికారి కుర్చీలో వెనక్కి వాలింది. వంటింట్లోంచి పాలు పొంగుతున్న చప్పుడు వచ్చింది. అలవాటుకొద్దీ అందరూ ఆమె వైపు చూశారు.

"అత్తయ్యా, పొయ్యి మీద పాలున్నాయి, చూడండి" అంది ఆమె తలెత్తకుండా. వేలు రెండో వరుసకి జరిపింది.