గీతకెక్కని ఇళ్ళు

ఆ వీధిలో అందరూ ఆయన్ని గీతలాయన అనేవారు. నగరపాలక ఆఫీసు సర్వే విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పటాలు గీసి రిటైరయ్యాడు. గీత వంకర పోతే అన్నం సయించని మనిషి. గోడకి క్యాలెండరు తగిలించాలన్నా స్కేలు పెట్టి కొలిచాకే మేకు కొట్టేవాడు. "మా ఆయన నన్ను కూడా కొలిచే చేసుకున్నారు. ఎత్తు చూసుకున్నారు గానీ గొంతు కొలవడం మర్చిపోయారు" అని భార్య ఇంటికొచ్చిన వాళ్ళందరితో అనేది. ఆరేళ్ళుగా ఆ గొంతే అరిగిపోతూ వచ్చింది.

దానికి కారణం వీధి వెనకున్న చెత్తకుప్ప. ఊరి చెత్తంతా అక్కడికే చేరేది. కుప్ప తగ్గితే మర్నాటి లారీకి చోటు దొరుకుతుందని లారీలవాళ్ళే దానికి నిప్పు పెట్టేవారు. ఆ పొగ నల్లగా కిటికీల్లోంచి దూరి దిండు గలీబుల మీద కూర్చునేది. భార్యకి ఆయాసం పట్టుకుంది. రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద కూలబడిపోయేది. డాక్టరు మందు పీల్చే గొట్టం రాసిచ్చి, వీలైతే ఇల్లు మారమన్నాడు. చెప్పేవాడికేం, ఇల్లు మారడమంటే చొక్కా మార్చుకున్నంత తేలికా?

గీతలాయన తాను పనిచేసిన ఆఫీసు చుట్టూనే చెప్పులరిగేలా తిరిగాడు. ఏడు అర్జీలు పెట్టి, ఏడింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకున్నాడు. అక్కడెవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి తన పాత సహోద్యోగి కూతురి దగ్గరికి వెళ్ళాడు. చిన్నప్పుడు ఈయన ఒళ్ళో కూర్చుని స్కేళ్ళు విరగ్గొట్టిన పిల్ల, ఇప్పుడు నల్లకోటు వేసుకుని హైకోర్టులో వాదిస్తోంది.

ప్రజాప్రయోజన వ్యాజ్యం వేద్దామంది లాయరమ్మ. "కానీ బాబాయ్, పిన్నికి ఆయాసమని రాస్తే మొదటిరోజే కొట్టేస్తారు. మీ సొంత గొడవైతే వేరే దావా వేసుకోండి అంటారు. ఇది పదిమంది బాధ అని కనిపించాలి."

కోర్టు మూడు సంగతులు చూస్తుందని వివరించింది. ఇది ఒకరిదా, అందరిదా? చెయ్యాల్సిన ఆఫీసర్లని ముందు అడిగారా? అడిగినా చెయ్యకపోతే ఇప్పుడు మమ్మల్నేం ఆజ్ఞాపించమంటారు? మొదటిదాని కోసం పిటిషన్లోంచి భార్యని తీసేసి 'ఈ ప్రాంత ప్రజలు' అని రాశారు. రెండోదానికి ఏడు ముద్రలున్నాయి. మూడోదానికే చిక్కొచ్చి పడింది. చెత్త తీసెయ్యమంటే ఆఫీసర్లు స్థలం లేదంటారు, జడ్జిగారు ఫైలు పక్కన పెడతారు. స్థలమేదో మనమే చూపిస్తే వాళ్ళ నోటికి తాళం పడుతుందని లాయరమ్మ ఆశ.

గీతలాయన బీరువా తీసి, గుడ్డలో చుట్టిపెట్టిన పటం ఒకటి బల్ల మీద పరిచాడు. ఇరవై రెండేళ్ళ క్రితం తన చేత్తో గీసిన పటం. ఊరి చివర పాత ఇటుక బట్టీల వెనక తెల్లగా ఖాళీ జాగా, ప్రభుత్వ భూమి. దాని మీద వేలు పెట్టబోయి ఒక్క క్షణం ఆగాడు. ఎందుకాగాడో ఆయనకి తెలుసు. అదే క్షణంలో లోపలి గదిలో భార్యకి దగ్గు తెర వచ్చింది. ఇంక వేలు ఆగలేదు. "ఇదిగో, ఇక్కడ" అన్నాడు.

కోర్టు పిటిషను తీసుకుంది. పటం చూసి జడ్జిగారు ముచ్చటపడ్డారట కూడా. నాలుగు వారాల్లో చెత్తని పిటిషనరు చూపిన స్థలానికి మార్చాలనీ, లేకపోతే కమిషనరు స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలనీ ఉత్తర్వు ఇచ్చారు. ఏడు అర్జీలకి కదలని ఆఫీసు ఇరవై ఆరు రోజుల్లో కుప్పంతా ఎత్తేసింది. ఎక్కడికి అని బుర్ర గోక్కునే పని తప్పినందుకు వాళ్ళకీ హాయిగానే ఉంది.

వీధివాళ్ళు గీతలాయన్ని భుజాల మీద మోయలేదంతే. భార్య నెల తిరిగేసరికి మేడ మెట్లెక్కింది. రెండో నెలలో పక్కింటావిడతో పిట్టగోడ మీంచి గంటసేపు కబుర్లు చెప్పింది. మూడో నెలలో గొట్టం ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. "కోర్టుకెక్కి మరీ నా నోరు మళ్ళీ తెచ్చుకున్నారు, ఇంక అనుభవించండి" అని వేళాకోళమాడింది. ఆయన నవ్వాడు గానీ చూపు మాత్రం బీరువా మీదికి పోయింది.

నాలుగో నెలలో ఒక ఉదయం చంకలో మూట పెట్టుకుని ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. ఆస్పత్రులకీ లాడ్జీలకీ దుప్పట్లు ఉతికి ఇస్తామంది. మూట విప్పి ఒక దుప్పటి చూపించింది. అది తెల్లదని ఆవిడ చెప్పాక తెలిసింది.

"మూడుసార్లు ఉతికానండి. ఆరేసిన గంటకి ఇలా అవుతోంది. ఆస్పత్రివాళ్ళు ఇంక మాకు బట్టలు వెయ్యం అంటున్నారు" అంది. వాళ్ళ పక్కనే ఉన్నట్టుండి చెత్త తెచ్చి పోస్తున్నారట. ఆఫీసుకి వెళ్తే కోర్టు ఆర్డరు, మా చేతుల్లో లేదు పొమ్మన్నారట. ఇక్కడెవరో పెద్దాయన కోర్టుకెళ్ళి చెత్త తీయించారని విని, వెతుక్కుంటూ వచ్చిందట. తమ తరఫున కూడా ఒక కేసు వేసిపెట్టమంది.

గీతలాయన ఎక్కడుంటారని అడిగాడు. అడగక్కర్లేదు గానీ అడిగాడు.

"ఇటుక బట్టీల వెనక." ఆవిడ ఆయన మొహంలోకి పరీక్షగా చూసి ఒక్కసారిగా నవ్వింది. "మీరేనండీ. చైను పట్టుకుని కొలవడానికొచ్చారు. నేనప్పుడు పదేళ్ళ పిల్లని. ఎండకి తూలిపోతుంటే మా అమ్మ మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆ పటం మీ దగ్గరుందా సార్? కోర్టులో అదే చూపిద్దాం. మా ఇళ్ళున్నాయిగా అందులో."

చూసి చెప్తాను, రేపు రా అమ్మా అని ఎలాగో అని పంపించాడు. ఆవిడ దుప్పటి అక్కడే వదిలి వెళ్ళింది, కోర్టువారికి చూపించడానికి.

ఆ రోజు ఆయనకి ఎప్పుడో మరిచిపోయింది జ్ఞాపకం రావడం కాదు. ఎప్పుడూ మరిచిపోలేదు. అప్పుడక్కడ తొమ్మిది ఇళ్ళున్నాయి, బట్టలుతికే రాళ్ళున్నాయి, బావి ఉంది. అన్నీ పెన్సిలుతో గీసి ఆఫీసుకి పట్టుకెళ్తే పైఅధికారి రబ్బరు చేతికిచ్చాడు. కాగితాల్లో నంబరు లేని ఇల్లు గీతకెక్కదు, అది మన ఆఫీసు పద్ధతి, తెలీదా అన్నాడు. ఈయన చెరిపేశాడు. శుభ్రంగా, మరక కూడా మిగలకుండా చెరిపాడు. ఆ రోజుల్లో అందరూ చేసేదే, పొట్టకోసం చేశాననుకోవచ్చు. మరి లాయరమ్మ ముందు వేలు పెట్టింది ఎవరు? అప్పుడు ఏ పైఅధికారీ పక్కన లేడు.

మధ్యాహ్నం బట్టీల వెనక్కి వెళ్ళాడు. తొమ్మిది ఇళ్ళు నలభై ఒకటయ్యాయి. తాళ్ళ నిండా దుప్పట్లు, వాటి వెనకే కుప్ప, కుప్ప మీద పొగ. ఒక అరుగు మీద ముసలావిడ మోకాళ్ళ మీద చేతులాన్చి దగ్గుతోంది. ఆ దగ్గు ఆయనకి బాగా తెలుసు, ఆరేళ్ళు పక్కనే పడుకుని విన్నాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని తల వంచుకుని దొంగలా వెనక్కి వచ్చేశాడు.

సాయంత్రం లాయరమ్మకి అంతా చెప్పాడు. ఆ పిల్ల తనూ వెళ్ళి చూడలేదని తనని తాను తిట్టుకుంది. అక్కడ ఇళ్ళున్నాయని కొత్తగా తెలిసిందని అర్జీ పెడదామంది. "జడ్జిగారు అడిగితే నాకు తెలీదనండి బాబాయ్, చాలు. పాత పటం, పొరపాటు పడ్డానంటే ఎవరూ ఏమీ అనరు. తెలిసే చూపించారంటే కోర్టుని మోసం చేసినట్టు. జైలు దాకా పోవచ్చు. ఇంకోటి, ఆర్డరు ఆగితే లారీలు మళ్ళీ మీ వెనక్కే వస్తాయి. పిన్ని సంగతి ఆలోచించుకోండి."

భార్యకి సగం చెప్పాడు. అక్కడ జనం ఉన్నారట అన్నాడు, తనకి ముందే తెలుసని అనలేదు. ఆవిడ నల్లబడ్డ దుప్పటి చేత్తో తడిమి చూసి, మడత పెట్టి, కోర్టుకి తానూ వస్తానంది. వద్దన్నా వినలేదు.

వాయిదా రోజు కోర్టు హాల్లో వెనక బల్ల మీద ఒక చివర భార్య కూర్చుంది. అదే బల్ల రెండో చివర దుప్పట్లావిడ కూర్చుంది. కమిషనరు తరఫు లాయరు లేచి, కోర్టు ఏం చెప్పిందో అక్షరాలా అదే చేశామన్నాడు. మీలో ఎవరైనా వెళ్ళి ఆ స్థలం చూశారా అని జడ్జిగారు అడిగితే ఫైలు తిరగేశాడు. అప్పుడు జడ్జిగారు గీతలాయన్ని ముందుకి పిలిచారు.

"పిటిషన్లో ప్రజల తరఫున అని రాశారు. ఏ ప్రజలండీ?"

"మా వీధివాళ్ళండి." వెనక బల్ల వైపు తిరిగి చూశాడు. "ఇంకా నిజం చెప్పాలంటే మా ఆవిడండి."

"ఈ పటం ఇచ్చేటప్పుడు అక్కడ ఇళ్ళున్నాయని మీకు తెలుసా?"

లాయరమ్మ ఆయన వైపే చూస్తోంది. నాలుక చివర రెండు మాటలున్నాయి. ఒకటి చెప్తే ఇంటికెళ్ళి భోంచేసి పడుకోవచ్చు.

"తెలుసండి" అన్నాడు. "ఉన్నాయని తెలుసు. అప్పుడు చెరిపింది కూడా నేనే."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అర్జీ పట్టుకుని వచ్చినవాడికి తలుపు మూసేస్తే, దిక్కులేనివాడు ఎక్కడికి వెళ్తాడు? అందుకే తెరిచి ఉంచుతున్నాం. కానీ ముందు వచ్చినవాడి మాటే అందరి మాట అనుకున్నాం. అది మా తప్పు" అన్నారు. చెత్త ఎక్కడ పొయ్యాలో పటం మీద వేలు పెట్టి చూపించడం కోర్టు పని కాదనీ, ఆఫీసర్లే కాళ్ళతో తిరిగి, రెండు చోట్ల వాళ్ళనీ కూర్చోబెట్టి విని, ఎనిమిది వారాల్లో స్థలం నిర్ణయించి చెప్పాలనీ ఆదేశించారు. ఎక్కడా నిప్పు పెట్టకూడదన్నారు. అప్పటిదాకా పాత ఉత్తర్వు ఆగుతుంది. పిటిషనరు మీద చర్య సంగతి తరవాత చూస్తారు, ముందు ఆయన వెళ్ళి ఆ పటం సరిగ్గా గీసి తేవాలి.

వరండాలో దుప్పట్లావిడ ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. "మా అమ్మకి చెప్పను లెండి" అంది. "ఇరవై రెండేళ్ళుగా మా ఇల్లు గవర్నమెంటు పటంలో ఉందని అందరికీ చెప్పుకుంటోంది."

భార్య ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కిటికీలు ఒక్కొక్కటే మూసింది. చివరి కిటికీ దగ్గర ఆగి, "ఈ నాలుగు నెలలూ నేను పీల్చింది వాళ్ళ గాలన్నమాట" అంది. నీకోసమే చేశానని ఆయన అనబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నాకోసమని మాత్రం అనకండి. ఆ పాపం నా నెత్తిన పెట్టకండి."

నాలుగో రోజుకి లారీలు మళ్ళీ వీధి వెనక్కి వచ్చాయి. కాల్చొద్దన్నా, మొదటి వారంలోనే ఎవరో నిప్పు పెట్టనే పెట్టారు. లాయరమ్మ ఫోటోలు తీసుకుని కోర్టుకి పరుగెత్తింది. భార్య గొట్టం వెతుక్కుంది, దొరికింది. పక్కగదిలో దగ్గు వింటూ గీతలాయన పెన్సిళ్ళు చెక్కుకున్నాడు. ఆ దగ్గుకీ తనే కారణం, బట్టీల వెనక దగ్గుకీ తనే కారణం. ఎటు తిరిగి పడుకున్నా ఒకటి వినపడుతూనే ఉంది.

మర్నాడు ఉదయం టేపు, బోర్డు, కాగితం పట్టుకుని బట్టీల వెనక్కి వెళ్ళాడు. దుప్పట్లావిడ టేపు రెండో కొస పట్టుకుంది. ఎండ ఎక్కేసరికి ఆవిడ తల్లి, ఆ రోజు అరుగు మీద దగ్గిన ముసలావిడే, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. చూపు సరిగ్గా ఆనడం లేదు, అయినా గుర్తుపట్టింది. "మళ్ళీ వచ్చారా బాబూ? మా ఇల్లు అందులో ఉంది కదూ?" అని అడిగింది.

కూతురు ఆయన మొహంలోకి చూసింది. గ్లాసు అందుకుని అరుగు మీద పక్కన పెట్టాడు. బోర్డు మోకాళ్ళ మీద ఆన్చి, అరుగు కొలిచి, గోడలు కొలిచి, పెన్సిలు పక్కన పడేసి ఇంకు పెన్నుతో ఆ ఇల్లు గీశాడు. ఇంకు ఆరేదాకా ఆగాడు. ఆ తరవాత నీళ్ళు తాగాడు.