రాతియుగం యూనిఫాం

ఎడారి దేశంలో, అల్ తుమామాలో అద్దెకు తీసుకున్న ఆ పెద్ద ప్రదర్శన టెంటులోకి అడుగుపెడితే పదివేల ఏళ్ళు వెనక్కి పోతారట. గుమ్మం మీద బోర్డులో అలాగే రాశారు. పదివేల ఏళ్ళ కిందట కూడా సూపర్‌వైజర్ ఉండేవాడని బుచ్చన్నకు తొలిరోజే అర్థమైంది.

సూపర్‌వైజర్ పేరు ముజఫ్ఫర్ అలీ, హైదరాబాద్ మనిషి. టెంటు లోపల కట్టిన ఆ ఉత్తుత్తి గుహలన్నిటిలో సూటూ బూటూ వేసుకునే హక్కు ఆయనొక్కడికే. మిగిలినవాళ్ళు నైలాన్ బొచ్చు తోలు చుట్టుకోవాలి. వాచీ పెట్టుకోకూడదు, కళ్ళద్దాలు అసలే కూడదు. ఓసారి బుచ్చన్న మొలతాడు బయటికి కనిపిస్తే, "అరే, పత్తర్ జమానాల మొలతాడు ఏడిది భాయ్?" అని తోలు కిందికి తోయించాడు. మెడలో కంపెనీ ఐడీ కార్డు మాత్రం తప్పనిసరి! కస్టమరు ఎదురైతే నవ్వాలి, మాట మాత్రం మాట్లాడకూడదు. 'హూ' అనొచ్చు, మరీ అవసరమైతే 'హూహూ' అనొచ్చు. భాష అప్పటికింకా పుట్టలేదట.

నెల కిందటి దాకా బుచ్చన్న కాంక్రీటు పోతకు చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. సైటు పని ఆగిపోతే కంపెనీ అతణ్ణీ, బామ్మర్ది తిరుమల్‌నీ ఇక్కడికి తోలింది. బుచ్చన్న వేటగాడు, తిరుమల్ ఎలుగుబంటి. నలుగురు వేటగాళ్ళు ఈటెలతో పొడిస్తే ఎలుగు పడిపోవాలి. పది నిమిషాలు కదలకుండా పడుంటే కస్టమర్లు దాని మీద చెయ్యేసి ఫొటోలు దిగుతారు. చచ్చిన ఎలుగు కదిలితే సర్వీసు బాగాలేదని కంప్లయింటు పడుతుంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఏసీ పనిచెయ్యలేదు. జూన్ నెల, మిట్టమధ్యాహ్నం, రెండో ఆట. తోలు చుట్టుకున్న బుచ్చన్నకే ఒళ్ళు ఉడికిపోతుంటే, తల నుంచి పాదాల దాకా దూది కుక్కిన తొడుగులో ఉన్నవాడి గతేమిటి? తిరుమల్ తెర వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"బావా, పొద్దుగాల చెమట మస్తుగ కారింది. ఇప్పుడు వస్తలేదు. జర చలివెడుతున్నట్టున్నది."

"గా తలకాయ తీసెయ్ రా. నేను సారుకు చెప్త."

"వద్దు బావా. మొన్న ఇంకో ఎలుగేసం ఆంజి తలకాయ తీసి నీళ్ళు తాగితే ఒక పిల్ల జడుసుకున్నది. తెల్లారి ఆయనను ఇంటికి తోలిండ్రు."

చెమట ఆగిపోవడమంటే ఏమిటో బుచ్చన్నకు తెలుసు. వేసవి వస్తే సైటులో సేఫ్టీవాళ్ళు వరుసగా నిలబెట్టి మొదట చెప్పేది అదే: ఎండలో చెమట ఆగిందంటే వడదెబ్బ, ప్రాణం మీదికొచ్చినట్టే. ముజఫ్ఫర్ అలీ దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, మా బామ్మర్దికి పానం బాగలేదు. ఈ ఆట ఆపుండ్రి, మీ కాల్మొక్త."

"ఏసీవాళ్ళు వస్తున్నరు బుచ్చన్నా. ఒక్క షో, బస్. స్కూల్ పిల్లలు వచ్చి కూసున్నరు. యల్లా, జల్దీ, యల్లా!"

డోలు మోగింది. ఎలుగుబంటి తూలుకుంటూ వచ్చింది. బుచ్చన్న ఇంకా ఈటె ఎత్తనే లేదు, అది మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగిపోయింది. ఒకటే చప్పట్లు! ముందు వరుసలో ఒకాయన మురిసిపోయి ఫోను పైకెత్తాడు. ఎలుగు కుడిచెయ్యి కొద్దిగా లేచి గాలిలో ఆడింది. పిల్లలంతా బైబై అంటూ తిరిగి చేతులూపారు.

అయ్యో, అది బైబై కాదు! బుచ్చన్న ముజఫ్ఫర్ అలీ వైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "హూ! హూహూ!" నెల రోజుల పాడు అలవాటు, మాట రావలసిన చోట అదే వచ్చి చచ్చింది. జనం పడీపడీ నవ్వారు. అప్పటికే ఒకావిడ తన పిల్లాణ్ణి ఎలుగు ఛాతీ మీద కూర్చోబెట్టి, నవ్వమంటోంది.

ఆడుతున్న చెయ్యి కింద పడింది. మళ్ళీ లేవలేదు.

తిరుమల్‌ను విమానం ఎక్కించేటప్పుడు బుచ్చన్న భార్య స్వర్ణ అతణ్ణి కోరింది ఒక్కటే. మా తమ్ముడు పైలం, జర చూసుకో, అంది. బుచ్చన్న ఈటె విసిరికొట్టాడు.

"లోపలున్నది మనిషి! పోరన్ని లేపుండ్రి, పానం పోతుంది! ఆద్మీ హై, ఆద్మీ మర్ రహా హై!"

రాతియుగం మనిషికి మాటలొచ్చేసరికి చప్పట్లు ఇంకా పెరిగాయి. అది చూసి బుచ్చన్నకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లాణ్ణి తనే ఎత్తి పక్కన దించాడు. ఎలుగు మెడ దగ్గర జిప్పు వెతుకుతూ కూలబడ్డాడు.

"పిల్లల ముందు తలకాయ తియ్యకు!" ముజఫ్ఫర్ అలీ టై ఎగరేసుకుంటూ వచ్చాడు. "నౌకరీ పోతది!"

"పోనీ సార్! నాది పోనీ, ఆనిది పోనీ!"

జిప్పు బిగుసుకుంది. పళ్ళతో కొరికి లాగాడు. తల ఊడివచ్చింది. పిల్లలు కెవ్వుమన్నారు. చప్పట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తిరుమల్ మొహం ఎర్రగా, పొడిగా, ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. ఎవరో నీళ్ళ సీసా అందించారు. ముందు వరుసలో ఆయన అదే ఫోనులో అంబులెన్సును పిలుస్తున్నాడు.

నీళ్ళు మొహాన పడగానే తిరుమల్ కళ్ళు సగం తెరిచాడు. చూపు ఎవరి మీదా నిలవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. బుచ్చన్న వంగి చెవి ఆనించాడు.

"తలకాయ పెట్టెయ్ బావా... కస్టమర్లు చూస్తున్నరు."