నల్లగండ్ల లాకౌట్

దక్కన్ హాకీ లీగు యజమానులు ఆటగాళ్ళను బయటికి నెట్టి, మైదానాలకు తాళాలు వేసి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో ఆటగాళ్ళు ఎంత బాధపడ్డారో మనకు తెలియదు గానీ, నల్లగండ్లలోని స్వర్ణశిఖర అపార్ట్‌మెంట్, సి బ్లాకు, ఏడో అంతస్తులో ఉండే లింగమూర్తి పడ్డ బాధ మాత్రం వాట్సాప్ ఉన్న ప్రతివాడికీ తెలుసు.

లింగమూర్తికి నలభై మూడేళ్ళు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో రిలీజ్ మేనేజరు. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో మూడేళ్ళపాటు కాలేజీ హాకీ జట్టులో ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడంతే. మైదానంలోకి దిగింది ఒకే ఒక్కసారి, అదీ నీళ్ళ సీసాలు అందించడానికి. అయితేనేం, ‘గోల్కొండ గద్దలు’ అనే జట్టు పుట్టిన నాటి నుంచీ దానికి ఆయనను మించిన అభిమాని లేడు. ‘గద్దల గూడు’ అని అభిమానుల సంఘం పెట్టి, రెండువందల పద్నాలుగు మందిని పోగుచేసి, తనకు తానే అధ్యక్షుడయ్యాడు. ఆదివారం మ్యాచ్ ఉందంటే ఆకుపచ్చ జెర్సీ వేసుకుని, ముఖానికి రంగు పూసుకుని బయల్దేరేవాడు. ఆ రంగు సోమవారం మీటింగు నాటికి కూడా చెవుల వెనక మిగిలి ఉండేది.

గొడవ చాలా చిన్నది. టీవీ డబ్బులో ఆటగాళ్ళ వాటా తగ్గిస్తామన్నారు యజమానులు. తగ్గిస్తే ఒప్పుకునేది లేదన్నారు ఆటగాళ్ళు. ఒప్పుకోకపోతే లోపలికే రావద్దని గేట్లు మూసేశారు యజమానులు. తెల్లాపూర్ దగ్గరున్న జట్టు మైదానానికి తాళం పడింది. ఆటగాళ్ళ బూట్లూ కర్రలూ కూడా లోపలే ఉండిపోయాయి.

మామూలు అభిమానులైతే ఇలాంటప్పుడు తిట్టుకుని ఊరుకుంటారు. వీళ్ళు మామూలు అభిమానులు కాదు, ఐటీ వాళ్ళు. ప్రతి శనివారం పొద్దున కొండాపూర్‌లో ఒక టిఫిన్ సెంటరు ముందు ప్లేట్లు చేతబట్టుకుని గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డంకులేమిటి అని ఒక్కొక్కరే చెప్పుకునేవారు. నిన్న ఏమీ చేయలేదు. ఇవాళా ఏమీ చేయరు. అడ్డంకి మాత్రం లాకౌటు. సంఘానికి కార్యదర్శి వేణు. భీమవరం నుంచి వచ్చినవాడు, వినయం ఎక్కువ. అతను లాకౌటుకు మూలకారణాలన్నీ ఒక షీట్‌లో రాసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేశాడు. లీగు ఆఫీసుకు పన్నెండు మెయిళ్ళు పంపాడు. మీ ఫిర్యాదు మాకు ఎంతో విలువైనదని జవాబు వచ్చింది. దానికో నంబరు కూడా ఇచ్చారు. మూడో రోజున, మీ సమస్య పరిష్కారమైనందున ఫిర్యాదు మూసేస్తున్నామని ఇంకో మెయిల్ వచ్చింది.

"మనం క్లయింట్లకి పంపే మెయిలే అండి ఇది," అన్నాడు వేణు, ఇడ్లీ నోట్లో పెట్టుకోబోయి ఆగి. "అక్షరం తేడా లేదండి."

ఆ రోజు ఎవరికీ రెండో ప్లేటు ఇడ్లీ దిగలేదు.

ఇక లింగమూర్తి రాతల సంగతి చెప్పాలి. రోజుకు రెండు పోస్టులకు తక్కువ కాకుండా రాసేవాడు. ‘చెమటోడ్చేది ఒకరు, గేటుకు తాళం వేసేది ఇంకొకరా? పనిచేసే మనిషిని వాకిట్లో నిలబెట్టే హక్కు మీకెవరిచ్చారు?’ అని యజమానులను దులిపేసేవాడు. చదివిన వాళ్ళకు రక్తం ఉడికేది. ఉడికిన రక్తంతోనే లైకు కొట్టి, ఆఫీసు క్యాబ్ ఎక్కేవాళ్ళు.

ఈ లింగమూర్తే స్వర్ణశిఖర ఓనర్ల సంఘానికి కార్యదర్శి కూడా. వచ్చే వారం అధ్యక్ష పదవికి ఎన్నిక, ఆయన పోటీలో ఉన్నాడు. సర్క్యులర్లు రాయడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. పనిమనుషులు పార్కు బెంచీల మీద కూర్చోకూడదన్న సర్క్యులరు కూడా ఆయన రాసిందే. ఒకింటి పని అయిపోయి ఇంకో ఇంటి వాళ్ళు నిద్ర లేచేదాకా ఆడవాళ్ళు మెట్ల కింద నిలబడేవారు.

గురువారం నాడు పదకొండు మంది పనిమనుషులు కలిసి క్లబ్‌హౌసు దగ్గరికి వచ్చారు. ముందు నిలబడింది కిష్టమ్మ. లింగమూర్తి ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న మనిషే.

"నెలకు రెండు రోజులు సెలవియ్యండ్రి సార్, జీతం కొయ్యకుంట. ఇంక, నడుమల జర కూసోనీకి గా బెంచీలు. గింతే," అంది.

కమిటీలో ఒకాయన, ఇవాళ బెంచీ అడుగుతారు, రేపు స్విమ్మింగ్ పూలు అడుగుతారు అన్నాడు. అందరూ తలలూపారు. పరిష్కారం చెప్పింది మన లింగమూర్తే. గేటు దగ్గర యాప్ ఉంది కదా, లోపలికి రావాలంటే ప్రతి పనిమనిషికీ అందులో ఒక నంబరు ఉంటుంది కదా, ఆ నంబర్లు ఆపేస్తే దారికొస్తారు, రాకపోతే సోమవారం నుంచి ఏజెన్సీ మనుషులను పెట్టుకుందాం అన్నాడు. ఆ ఏజెన్సీ వాళ్ళు వస్తే ఈ పదకొండు మందికీ ఉన్న ఇళ్ళన్నీ పోతాయి. ఆ సంగతి కమిటీలో అందరికీ తెలుసు. దారికి తేవడమంటే అదే మరి.

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు ‘గేట్లు మూసే యజమానులకు మానవత్వం ఉందా’ అని పోస్టు పెట్టాడు. ఎనిమిదింబావుకు అదే ఫోనులో, అదే బొటనవేలితో పదకొండు మందినీ ఆపేశాడు. మధ్యలో ఆ అయిదు నిమిషాలూ కాఫీ తాగాడు.

మరునాడు పొద్దున భార్య ఉదయశ్రీ సింకు నిండా ఉన్న గిన్నెల వైపు చూసి, మొగుడి వైపు చూసింది.

"గురివింద గింజకు తన నలుపు తెల్వదంటరు. మీకు ఫోన్‌ల రాసుకున్నా తెలుస్తలేదు."

"అది వేరు, ఇది వేరు. వాళ్ళు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు."

"ఈమె ప్రొఫెషనల్ కాదా? ఆరేండ్లల్ల ఒక్క గ్లాసు పగులగొట్టలే. మీరు నిన్నొక్క రోజే రెండు పగులగొట్టిన్రు."

లింగమూర్తి ఎప్పటిలాగే ఫోను తీశాడు. అదృష్టం ఆ ఫోనులోనే ఉంది. గద్దల కెప్టెన్ జాన్సన్ మెసేజ్ పెట్టాడు, ఆదివారం పదింటికి వస్తానని. నెల రోజులుగా బతిమాలుతున్నాడు లింగమూర్తి, లాకౌటు బాధితుడిగా మీకు సన్మానం చేస్తామని. నెత్తిన పాలు పోసినట్టయింది. కెప్టెన్ పక్కన నిలబడి ఒక్క ఫోటో పడితే చాలు, ‘గద్దల గూడు’కు పేరొస్తుంది, వచ్చే వారం అధ్యక్ష పదవి ఇంటికి నడిచి వస్తుంది. ఈ జన్మలో ఒక్కసారైనా అసలైన ఆటగాడు తనను ‘మనవాడు’ అంటాడు. నిజానికి ఆయనకు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది ఈ చివరిదే. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

స్వాగతానికి మదీనాగూడ ప్రెస్సులో పెద్ద ఫ్లెక్సీ వేయించాలనుకున్నారు. రాత కూడా లింగమూర్తే రాసిచ్చాడు. వేణుకు గుబులు పట్టుకుంది.

"సార్, జట్టు పేరు వాడితే యజమానులు నోటీసు పంపుతారేమోనండి. బొమ్మ కూడా వద్దండి. లీగు పేరూ వద్దు. మన కంపెనీల్లో పాలసీలున్నాయి కదండి, హెచ్చార్ వాళ్ళ కంటపడితే..."

విప్లవకారులు అందరూ ఒప్పుకున్నారు. జట్టు పేరు తీసేశారు. లీగు పేరు తీసేశారు. హాకీ కర్ర బొమ్మ తీసేశారు. జాన్సన్ పేరు, చివరికి తమ సంఘం పేరు కూడా తీసేశారు. మిగిలింది రెండే ముక్కలు: ‘గేట్లు మూసిన యజమానులారా, సిగ్గు సిగ్గు! చెమటోడ్చే చేతులను లోపలికి రానివ్వండి!’ ఇరవై అడుగుల పొడవున, ఎర్రటి అక్షరాల్లో ఉంది. శనివారం సాయంత్రం దాన్ని స్వర్ణశిఖర గేటుకు కట్టించారు.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌసు ఊడ్చడానికి మనిషి లేదు. ఆకుపచ్చ జెర్సీలు వేసుకున్న ముప్పై మంది ఇంజనీర్లు చీపుళ్ళు పట్టుకున్నారు. ఒకడు ఊడ్చిన చెత్తను ఇంకొకడు తిరిగి వెనక్కి ఊడ్చాడు. తడిగుడ్డ ఎలా పిండాలో వేణు యూట్యూబులో చూశాడు. ఈ హడావిడిలో గేటు వైపు వెళ్ళే తీరిక ఎవరికీ దొరకలేదు.

పదింటికి గేటు కాపలాదారు పోచయ్య ఫోన్ చేశాడు.

"సార్, ఎవలో హాకీ కట్టె పట్టుకొని స్కూటీ మీద వచ్చిండు. కోడ్ అడిగితె లేదన్నడు. లోపలికి పంపాల్నా?"

"అయ్యో, ఆయన కెప్టెన్, పోచయ్యా! లోపలికి తీసుకురా!"

"రమ్మన్న సార్. వస్తలేడు. ఆడోళ్ళతోని కింద కూసున్నడు."

లింగమూర్తి శాలువా పట్టుకుని పరుగెత్తాడు. వెనకాల ముప్పై జెర్సీలు. గేటు బయట ఫ్లెక్సీ నీడలో, నంబర్లు ఆపేసిన శుక్రవారం నుంచీ రోజూ వచ్చి కూర్చున్నట్టే పదకొండు మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎండ కదా, నీడ ఎక్కడుంటే అక్కడ చేరారు. వాళ్ళ మధ్యలో జాన్సన్ బాసింపట్టు వేసుకుని, కిష్టమ్మ ఇచ్చిన టీ తాగుతున్నాడు. పక్కన ఒక పేపరు ఫోటోగ్రాఫరు కూడా ఉన్నాడు. అతన్ని పిలిపించింది లింగమూర్తే.

జాన్సన్ లేచాడు. ఆరడుగుల మనిషి. సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. ఫ్లెక్సీ వైపు చూసి, లింగమూర్తి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"సార్, ఉన్నమాట చెప్తున్న, ఏమనుకోవద్దు. మీరు ఫోన్ చేస్తే ఇదేదో సెల్ఫీల గుంపు అనుకున్న. నా పేరు రాసి, నా ఫోటో పెట్టి, మీ పేర్లు పెట్టుకుంటరనుకున్న. మీరేమో మీ ఇండ్లల్ల పనిచేసే అమ్మల కోసం గింత పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు! ఒక్కరి పేరన్న రాసుకోలే. మా అమ్మ ఇరవై ఏండ్లు ఇండ్లల్ల పనిచేసింది సార్. ఆమె కోసం ఎవ్వరూ ఒక్క అట్టముక్క కూడా పట్టుకోలే." లింగమూర్తి చెయ్యి ఇంకా వదల్లేదు. "ఇగ చెప్పండ్రి. వీళ్ళకు గేటు బంద్ చేసింది ఎవరు? పేరు చెప్పండ్రి. మా ప్లేయర్లందరం వచ్చి ఈడనే కూసుంటం."

ముప్పై మంది అభిమానులూ ఒకేసారి నేల వైపు చూశారు. వేణు వంగి, లేని బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

కిష్టమ్మ లేచి చీర దులుపుకుంది. లింగమూర్తి ముఖంలోకి చూసింది. ఆరేళ్ళుగా చూస్తున్న ముఖమే. భార్య చక్కెర మాన్పించాక ఆయన వంటింట్లో దొంగతనంగా తినే బెల్లం ముక్కల సంగతి కూడా ఆమెకు తెలుసు. ఇప్పుడు ఒక్క వేలు చూపిస్తే చాలు, ఈ మనిషి ఈ వీధిలో తలెత్తుకుని తిరగలేడు.

"నేను చెప్త బిడ్డా," అంది జాన్సన్‌తో. "బంద్ చేసిందెవలో పోనియ్యి. తెరిచేది మాత్రం ఈ లింగమూర్తి సారే. నెలకు రెండు దినాల సెలవు, జీతం కొయ్యకుంట. గా బెంచీలు మాకు సుత. కమిటీల కొట్లాడి ఒప్పిచ్చిండు. మీ ముందటనే ఫోన్‌ల కొడ్దామని ఆగిండు. గంతే గద సార్?"

ఆయన కమిటీలో కొట్లాడిన మాట నిజమే, కాకపోతే అవతలి వైపున.

"ఆ... అవును... అంతే," అన్నాడు లింగమూర్తి.

"రాసి సుత పెడ్తనన్నవు సార్, గ్రూపుల."

"ఆ. పెడతాను."

ఫోను తీశాడు. ఆపేటప్పుడు అందరినీ ఒక్క దెబ్బకు ఆపే వీలుంది ఆ యాప్‌లో. తెరిచేటప్పుడు మాత్రం ఒక్కొక్కరినే తెరవాలి. చేసినవాడు ఏ గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాడో గానీ తెలివిగా చేశాడు. పదకొండు ఫోటోలు, పదకొండుసార్లు నొక్కడం. నొక్కినప్పుడల్లా పోచయ్య ఫోను టింగుమంటోంది, ఆడవాళ్ళలో ఒకామె లేచి నిలబడుతోంది. ఏడో ఫోటో కిష్టమ్మది. దాని కింద ‘నమ్మకమైన మనిషి’ అని నాలుగేళ్ళ క్రితం తనే రాసిన మాట కనబడింది. లింగమూర్తికి సిగ్గేసింది. ఊరికే కాదు, చెవులు కాలిపోయేంతగా వేసింది. తల వంచుకునే మిగతా నలుగురినీ తెరిచాడు. తర్వాత సర్క్యులరు రాశాడు. ఆయన జీవితంలో రాసిన వాటిలో అదే చిన్నది, రెండు వాక్యాలు.

జాన్సన్ చప్పట్లు కొట్టాడు. జెర్సీలు కూడా కొట్టాయి, కొంచెం ఆలస్యంగా. కమిటీలో ఒకాయన మొదటి అంతస్తు బాల్కనీలోంచి ఏదో అరవబోయి, కెమెరా చూసి చెయ్యి ఊపాడు.

"మనోడివి సార్ నువ్వు," అన్నాడు జాన్సన్, లింగమూర్తిని గట్టిగా కౌగిలించుకుని. నెల రోజులుగా కలలుగన్న మాట. లింగమూర్తికి అది చెంపదెబ్బలా తగిలింది.

జాన్సన్ కిష్టమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మా తరఫున ఢిల్లీ నుంచి ఇద్దరు వకీళ్ళు వచ్చి ఆరు వారాల సంది మాట్లాడుతున్నరు. ఒక్క తాళం తెరవలే. నువ్వు పావుగంటల తెరిపిచ్చినవ్. రేపు మా ఓనర్ల దగ్గరికి వస్తవా?"

కిష్టమ్మ నవ్వింది. కొంగు నడుముకు దోపుకుని, లోపలికి అడుగు వేయబోతూ ఆగి, లింగమూర్తిని ఒకసారి కింది నుంచి మీదికి చూసింది.

"నాతోని కాదు బిడ్డా. ఈ సారుకు జర సిగ్గుంది, గందుకే పనైంది. మీ ఓనర్లకు గది సుత లేకపాయె."