వరద చూడని కారు

టగ్ నది పొంగి మా లోయనంతా ఊడ్చుకుపోయిన ఏడు ఇది జరిగింది. ఆ ఏడు ఏది చెడినా వరద మీదికే నెట్టేవాళ్ళం. రేడియో పలకకపోతే వరద. తలుపు బిగుసుకుంటే వరద. మోకాలు పట్టేసినా వరదే. అందుకని నా తమ్ముడి కూతురు డెల్ఫా కారు స్టార్టు కావడం లేదంటే ఎవరూ ఇంకో మాట అడగలేదు. నీళ్ళు పట్టాయన్నారు. ఆ మాట మొదట అన్నవాడు ఆమె మొగుడు హోబర్ట్.

హోబర్ట్ పనిచేసే గని నీళ్ళు నిండి మూతపడింది. డెల్ఫా నది అవతల చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోయేది. కారు మొరాయించి అప్పటికే రెండుసార్లు పని తప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టుకు ముందు మా ఇంటికి నడిచి వచ్చింది.

"పెదనాన్నా, ఇవాళ కూడా రాకపోతే ఇక రానే వద్దన్నారు. నా మిషను కోసం గేటు దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారు."

పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆమె వెంట కొండెక్కాను.

వాళ్ళ ఇంటి ముందు పాత ప్లిమత్ కారు ఉంది. హోబర్ట్ వరండా మెట్ల మీద సిగరెట్టు చుట్టుకుంటూ కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"నీకెందుకు శ్రమ మామయ్యా. కాయిల్ పోయింది. నీళ్ళు తాగిన కాయిల్ ఇక బతకదు. పట్నం నుంచి తెప్పించాలి."

బోనెట్ ఎత్తాను. డెల్ఫాను తాళం తిప్పమన్నాను. ఇంజను జోరుగానే తిరిగింది, అంటుకోలేదు. పెట్రోలు వాసన వస్తోంది. ప్లగ్గు వైరొకటి ఊడదీసి ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టాను. రవ్వ లేదు. ప్లగ్గులకు కరెంటు పెంచి పంపే కాయిల్ నుంచి వచ్చే లావు వైరు తీసి పట్టాను. అక్కడా లేదు.

"చెప్పానా," అన్నాడు హోబర్ట్.

చిన్న బల్బు పెట్టి చూశాను. కాయిల్‌లోకి కరెంటు వస్తోంది. అవతలి కొసన పెట్టాను. ఇంజను తిరిగేటప్పుడు అక్కడ బల్బు ఆరుతూ వెలుగుతూ ఉండాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంది. కరెంటు దిగే దారి ఎక్కడో మూసుకుపోయింది. ఆ కొసను స్క్రూడ్రైవరుతో ఇనుముకు తాకించి తీశాను. లావు వైరు నుంచి నీలి రవ్వ ఠప్పుమని ఎగిరింది.

"కాయిల్ బాగుంది అల్లుడూ."

"అయితే ఇంకేదో తడిసుంటుంది."

"వరదప్పుడు ఈ కారు ఎక్కడుందమ్మా?" అని డెల్ఫాను అడిగాను.

"ఇక్కడే పెదనాన్నా. నీళ్ళు కింద చర్చి మెట్ల దగ్గరే ఆగిపోయాయిగా."

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీశాను. లోపల రెండు పాయింట్లు ఉంటాయి, గోరంత ముక్కలు. అవి కలిసి విడిపోతుంటేనే రవ్వ పుడుతుంది. పైకి కలిసినట్టే కనబడ్డాయి. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. నడుమ తెల్లగా గీతలా ఏదో ఉంది. సన్న పట్టకారుతో లాగాను. పలచటి కాగితం. ఒక అంచుకు జిగురు. సిగరెట్టు చుట్టుకునే కాగితమే, పాయింట్ల కొలతకు కత్తిరించి ఉంది.

హోబర్ట్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయి ఆగింది.

డెల్ఫా కాగితాన్ని చూసింది. అతన్ని చూసింది.

"ఆ రెండుసార్లూ నువ్వేనా? వానలో రోడ్డు దాకా పరిగెత్తాను. నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. సాయంత్రం నువ్వే స్టార్టు చేసి, తడి ఆరిపోయిందే అన్నావు."

"మొగుడు ఇంట్లో గిన్నెలు తోముతుంటే పెళ్ళాం ఊరేగుతోందని నవ్వుతున్నారే జనం."

"నువ్వు గిన్నె తోమిందెప్పుడు?"

నా చేతిలో పెద్ద రెంచి ఉంది. దాన్ని సంచిలో పడెయ్యడానికి చాలాసేపు పట్టింది. మూత బిగించాను. ఒక్క తిప్పుకే కారు అందుకుంది. డెల్ఫా వెనక్కి చూడకుండా పోయింది. ఆమె మిషను మీద ఇంకొకరు కూర్చోకముందే చేరిందని తరవాత తెలిసింది.

హోబర్ట్ అప్పుడు మెట్లు దిగి వచ్చాడు.

"మామయ్యా, ఇది మొగుడూ పెళ్ళాల సంగతి. నువ్వు దూరకు. ఎవరితోనూ అనకు."

"నేనెవరితో మాట్లాడతాను?" అన్నాను.

రాత్రి తిండి సయించలేదు. మాట్లాడి ఉంటే కోపం కాస్త దిగేదేమో. మాట్లాడడం నాకు రాదు.

మర్నాడు తెల్లారగానే చేత్తో తిప్పే డ్రిల్లు, గొలుసు ముక్క, తాళం పట్టుకుని మళ్ళీ కొండెక్కాను. బోనెట్ అంచుకొక బెజ్జం, కింద రేకుకొక బెజ్జం పెట్టడం మొదలుపెట్టాను. కీచుమనే చప్పుడుకు హోబర్ట్ బనీనుతోనే బయటికొచ్చాడు. వెనకాల డెల్ఫా వచ్చింది.

"కారుకు బెజ్జాలేంటి మామయ్యా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఇంట్లో దొంగున్నాడనుకుంటారు."

అతను ఒక మెట్టు దిగాడు. నేను డ్రిల్లు ఆపి చూశాను. మళ్ళీ ఎక్కాడు.

బెజ్జాల్లో గొలుసు దూర్చి తాళం వేశాను. ఉన్న రెండు తాళంచెవులూ డెల్ఫా చేతిలోనే పెట్టాను.