బీరువా పరుగు

బీపీ ఎక్కువగా ఉంది, రోజూ కాస్త వ్యాయామం చేయమని డాక్టరు అన్నప్పుడు బీరువాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను లారీకెక్కించడం, దించడం, మేడమీదికి చేర్చడం అతని పని. ఇనప బీరువాని తాడుతో వీపుకి కట్టుకుని ఒక్కడే మెట్లెక్కేస్తాడని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు కన్నతల్లి కూడా అలాగే పిలుస్తోంది.

“మరి పొద్దస్తమానం నేను చేసేదేమిటండీ?” అని అడిగాడు.

“అది ఊపిరి బిగబట్టి, ఒక్క ఉదుటున చేసే పని. గుండెకి కావలసింది వేరు. నింపాదిగా, ఆగకుండా చేసేది. నడవండి” అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చి భార్యతో చెప్పాడు. “బీరువా మోస్తే వ్యాయామం కాదంట. చేతులూపుకుంటూ నడిస్తే వ్యాయామమంట. నీకేమైనా అర్థమైందా?”

ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేసి అప్పుడే వచ్చింది. “నన్నడుగుతారేంటండీ? మా తమ్ముడు రోజూ పరిగెడతాడుగా, వాడితో వెళ్ళండి” అంది.

ఆ తమ్ముడు పన్నుల ఆఫీసులో గుమాస్తా. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. బావగారు పెట్టిన పేరు అగ్గిపుల్ల. మర్నాడు మైదానంలో అతను చెప్పాడు: “బావా, మొదట్లో నడువు. ఒళ్ళు వేడెక్కాక మధ్యమధ్యలో కాస్త పరిగెత్తు. చాలు.”

“నువ్వు పరిగెడుతుంటే నేను నడవాలా? నాలుగో అంతస్తుకి ఫ్రిజ్జు మోసినవాణ్ణిరా!”

సగం చుట్టు తిరిగేసరికి బీరువాకి కళ్ళు బైర్లు కమ్మాయి. గడ్డిలో చతికిలబడి, అగ్గిపుల్ల రెండోసారి తన ముందు నుంచి పోతుంటే నోరు తెరుచుకుని చూశాడు. ఆ ఫ్రిజ్జు మోసిన ఊపిరి ఎక్కడికి పోయింది?

పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడూ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. ఆదివారం కూడా మానలేదు. కొన్ని వారాలకి ఊపిరి దారికొచ్చింది. పరిగెడుతూనే బావమరిదితో కబుర్లు చెప్పగలిగాడు. దాంతో ఆ వారమే దూరం రెట్టింపు చేసేశాడు. “వద్దు బావా, కొంచెం కొంచెంగా పెంచాలి” అన్నా వినలేదు. “ఆయాసమే లేనప్పుడు ఆగడమెందుకురా?”

ఆయాసం రాలేదు, నొప్పి వచ్చింది. మోకాలికీ చీలమండకీ మధ్య, ముందు ఎముక మీద, వేలు పెట్టి చూపించగలిగేంత చోట.

అక్కడి నుంచి మొదలైంది అసలు గందరగోళం. లారీ డ్రైవరు “పరిగెడితే వచ్చిన నొప్పి పరిగెడితేనే పోతుంది, ముల్లుని ముల్లుతోనే తీయాలి” అన్నాడు. అత్తగారు “వేడి కాపడం పెట్టుకోండి అల్లుడుగారూ” అంది. అగ్గిపుల్ల ఐసు పెట్టమన్నాడు. ఫోను వీడియోలో కండలు తిరిగిన ఒకడు నొప్పి లేనిదే ఫలితం లేదని అరిచాడు, ఇంకొకడు నొప్పి వస్తే ఆగిపొమ్మని బతిమాలాడు. బీరువా ఒక పూట వేడి పెట్టాడు, ఒక పూట ఐసు పెట్టాడు, పరుగు మాత్రం ఆపలేదు. మొదట్లో పరుగు చివర వచ్చే నొప్పి, తర్వాత పరుగు మొదలుపెట్టగానే వచ్చింది. ఆ తర్వాత మంచం దిగగానే వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం బట్టల అలమర కిందికి దింపుతున్నారు. బీరువా కింది మెట్టు మీద, డ్రైవరు పై మెట్టు మీద. ఉన్నట్టుండి కాలు తనది కానట్టు లొంగిపోయింది. అలమర గోడకి ఒరిగి, సున్నం రాల్చుకుంటూ ఆగింది. డ్రైవరు పైనుంచి గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది. బీరువా మెట్ల మీద కూర్చుని కాలుని పరాయివాడి కాలులా చూసుకున్నాడు.

ఆసుపత్రిలో ఎముకకి సన్నటి పగులు వచ్చిందన్నారు. బరువు మోయడానికి వీల్లేదన్నారు. నయమయ్యాక మళ్ళీ నడక నేర్పడానికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆమె బీరువా కూతురి వయసు పిల్ల.

“డాక్టరమ్మా, ఒక్కటి చెప్పు. ఇదే ఎముక మీద ఇన్నేళ్ళు బీరువాలు మోశాను. ఒట్టి చేతులతో పరిగెడితే విరిగిందేంటి?”

“మోసేటప్పుడు అడుగు మెల్లగా దించుతారు. పరుగులో ప్రతి అడుగూ ఒక దెబ్బే. ఆ దెబ్బ మీ ఎముకకి కొత్త. ఒంటికి నేర్పిన పనే వస్తుందండీ, నేర్పనిది రాదు.”

“నేర్పాగా! ఆయాసం కూడా పోయింది.”

“ఆయాసం తొందరగానే పోతుంది. గుండె వీధి చివరికి చేరుకుంది, ఎముక ఇంకా చెప్పులు వేసుకుంటోంది. దానికోసం మీరు ఆగలేదు. ఇంకో సంగతి, ఎముక గట్టిపడేది పరిగెత్తినప్పుడు కాదు, ఆ తర్వాత విశ్రాంతిలో. మీరు ఒక్కరోజైనా ఇచ్చారా?”

అంటే పడుకుంటే బలం వస్తుందన్నమాట. బీరువా తల గోక్కున్నాడు. చిన్నప్పటి నుంచి పడుకున్నందుకు తిట్లు తిన్నాడే తప్ప బలం వచ్చిందని ఎవరూ అనలేదు.

కొన్నాళ్ళు లారీ దగ్గర నిలబడి సామాను చూపించే పని చేశాడు. కాలు కుదుటపడ్డాక నడక, పిక్కలకి బలం వచ్చేలా మడమలు ఎత్తి దించడం, ఆ తర్వాత నడక మధ్యలో చిటికెడు పరుగు. మరుసటి రోజు సెలవు.

“నొప్పేమీ లేదు, ఇంకాస్త పరిగెత్తనా?” అని అడిగితే ఆ పిల్ల, “నొప్పి లేనప్పుడే ఆపాలండీ” అంది.

బీరువాకి మతిపోయింది. నొప్పి ఉన్నప్పుడు ఆపాలంటే అర్థముంది. లేనప్పుడు కూడా ఆపితే ఇక పరిగెత్తేదెప్పుడు?

అర్థం కాకపోయినా ఈసారి మాట విన్నాడు. బీపీ కొద్దిగా తగ్గింది. అంత కష్టపడినప్పుడు కాకుండా ఇంత తక్కువ చేస్తే ఎలా తగ్గిందని డాక్టర్ని అడుగుదామనుకుని, ఇంకో చిక్కుముడి ఎందుకని మానుకున్నాడు.

ఒకరోజు పొద్దున భార్య కూడా మైదానానికి వచ్చింది. బీరువా కాసేపు పరిగెత్తి, చెప్పిన చోట ఆగాడు. అగ్గిపుల్ల పక్కనుంచి దూసుకుపోయాడు.

“అలిసిపోయారా?” అంది భార్య.

“లేదు. అదే నాకూ అర్థం కావట్లేదు. ఇంకా బోలెడు ఓపిక ఉంది.”

“మరి?”

“ఏమో” అన్నాడు. మిగిలిన ఆ ఓపికని ఏం చేసుకోవాలో తోచక, ఆమె పక్కన మెల్లగా నడవడం మొదలుపెట్టాడు.