మినసోటా కాగితం

మోంటానాలోని మా రంపపు మిల్లులో పద్దెనిమిదేళ్లుగా జీతాల బల్ల నాదే. పేరు లోర్నా. ఎవరి సంగతైనా సగమే తెలిస్తే నాకు ముద్ద దిగదు. అలాంటి నన్ను, పలకలు పేర్చే వెండెల్ మూడు నెలలుగా చంపుకు తింటున్నాడు. టపా వేళకి కిటికీలోంచి తొంగిచూసి ఒకటే ప్రశ్న.

"లోర్నమ్మా, నా పేరున కోర్టు కాగితమేమన్నా వచ్చిందా?"

మా దగ్గరికొచ్చే కోర్టు కాగితాలన్నీ జీతంలో కోత పెట్టమనేవే.

"కోయించుకోడానికి ఇంత ఆత్రమా? నీలాంటోణ్ణి ఎక్కడా చూళ్ళేదు!" అంటే నవ్వేసి పోయేవాడు.

మంగళవారం అది రానే వచ్చింది, మినసోటా నుంచి. పైన ఆ రాష్ట్రం పేరు చూడగానే మా యజమాని ఆర్విల్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"పరాయి రాష్ట్రం కోర్టుకి మన మీద పెత్తనమేంటి? తిప్పి పంపెయ్!" అంటూ రబ్బరు ముద్ర తీశాడు.

రెండేళ్ల క్రితం ఒకడి క్రెడిట్ కార్డు బాకీకి వేరే రాష్ట్రం నుంచి ఇలాంటిదే వస్తే, అది మన రాష్ట్రపు కోర్టు ద్వారా రావాలని లాయరు చెప్పాడు. అంతే, ఈయన 'ఇక్కడ చెల్లదు' అని ఏకంగా ముద్రే చేయించాడు.

"ఆగవయ్యా మహానుభావా! చదవకుండానే గుద్దేస్తావా?" అని కాగితం తీసుకుని చదివాను. బాకీ కాదు. వెండెల్ ఏడేళ్ల కూతురి పోషణ ఖర్చు.

"ఇది పిల్ల పోషణది, ఆర్విల్. ఏ రాష్ట్రం నుంచొచ్చినా నేరుగా కోసి పంపాల్సిందే. లేదంటే నీ జేబులోంచి కడతావ్."

నమ్మక లాయరుకి ఫోన్ చేశాడు. "ఊఁ, ఊఁ" అని విని ముద్రని సొరుగులో పడేశాడు. "ఇందుకని వాణ్ణి పన్లోంచి తీసెయ్యడానికీ లేదట," అని గొణిగాడు.

ఒక ప్రతి వెండెల్‌కి ఇవ్వాలి. ఇచ్చాను. వాడు నిలబడ్డచోటే రెండుసార్లు చదివాడు. నేనిక ఉండబట్టలేకపోయాను.

"చెప్పి చావు నాయనా! దీనికోసం ఎందుకింత కాచుక్కూచున్నావ్?"

"నేను పంపిన ప్రతి చెక్కూ వాళ్లమ్మ తిప్పి పంపేసింది, లోర్నమ్మా. తాగినప్పుడు నేనన్న మాటలు అలాంటివి. చివరికి నేనే అక్కడ పిల్లల పోషణ వసూలు చేసే ఆఫీసుకి ఫోన్ చేసి ఈ మిల్లు చిరునామా ఇచ్చా. కోర్టు పంపిస్తే తిప్పి పంపదుగా?"

"ఈ శుక్రవారం జీతం నుంచే మొదలెడతా," అన్నాను.

వాడు కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. "నేనే పంపానని పాపకి తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదూ? తెలుస్తుంది," అన్నాను.

నిజానికి నాకు తెలీదు. కనుక్కోవాలని కూడా అనిపించలేదు.